ఉన్ని బంతి, బంకమట్టి నేల

పెరట్లో కోర్టు వేయిద్దామనుకుంటున్నామని మావారు ఫోన్లో ఎవరితోనో అంటుంటే మా అత్తయ్యగారు విన్నారు. నెమ్మదిగా వంటింట్లోకి వచ్చి, "ఇంట్లో కోర్టేమిటమ్మా? ఎవరి మీద కేసు?" అని అడిగారు. ఆవిడ భయం ఆవిడది. మా పెరట్లో సగం మా మరిది పేరున ఉంది. అన్నదమ్ముల మధ్య ఏదో మొదలైందని కంగారు పడ్డారు. "కేసు కాదండీ, బ్యాట్ల కోర్టు, చిన్నది ఆడుకోడానికి" అన్నాక గానీ స్థిమితపడలేదు.

అప్పుడు నవ్వుకున్నాను. తర్వాత ఈ ఆట ఎక్కడ పుట్టిందో తెలుసుకుంటూ పోతే అక్కడ కూడా ఒక ఆడవాళ్ల కేసు ఎదురైంది. ఆ సంగతికి వస్తాను.

మా చిన్నది తొమ్మిదో తరగతి. స్కూలు బాల్ బ్యాడ్మింటన్ జట్టులో ఉంది. షటిల్ కాదు సుమా. ఈ తేడా ఇప్పుడు విడమరిచి చెప్పాల్సి వస్తోంది. ఇందులో ఈకల బంతి ఉండదు, పెద్ద నిమ్మకాయంత పసుప్పచ్చ ఉన్ని బంతి ఉంటుంది. బరువు 27 నుంచి 30 గ్రాములు. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. కోర్టు పొడవు 24 మీటర్లు, వెడల్పు 12. ఇద్దరిద్దరు ఆడే డబుల్స్‌కైతే పొడవు అంతే, వెడల్పు సగం. మన లెక్కలో పూర్తి కోర్టుకి 344 గజాలు, డబుల్స్‌కి 172 గజాలు. అసలు ఇల్లే రెండు వందల గజాల్లో కట్టుకునే ఊళ్లో ఇది చిన్న మాట కాదు. మాకు ఇంటి వెనక మా వాటా, మరిది వాటా కలిపి పాతిక అడుగుల వెడల్పున తొంభై అడుగుల ఖాళీ ఉంది కాబట్టి ఆ ఆలోచన వచ్చింది.

అవసరం ఎందుకు వచ్చిందంటే, బడి వదిలాక గ్రౌండంతా మగపిల్లల క్రికెట్టుదే. ఆడపిల్లల ప్రాక్టీసు పొద్దున్న ఆరింటికి పెట్టారు. ఆ వేళకి స్కూలు బస్సు ఉండదు. చలికాలంలో ఆరంటే చీకటి. జట్టులో ఎనిమిది మంది ఉండేవాళ్లు, దీపావళి నాటికి అయిదుగురు మిగిలారు. ఆ మానేసిన ముగ్గురిలో ఇద్దరు మా వీధి పిల్లలే. మా పెరట్లో నెట్టు కట్టుకుంటే సాయంత్రాలు ముగ్గురూ ఆడుకోవచ్చు కదా అనుకున్నాను. నా చీటీ డబ్బు వచ్చింది. లక్షా పదివేలు పెట్టి కాంక్రీటు వేయించాం.

మేస్త్రీని ముందే అడిగాను, ఇది బంకమట్టి కదా, ఏమీ కాదా అని. "ఏటీ అవదమ్మా! నాలుగంగుళాలు కాంక్రీటు ఏసెత్తే ఏనుగు నడిసినా ఏటీ అవదు" అన్నాడు. ఏనుగు నడవలేదు. ఏప్రిల్లో వేశాం. వానలు పడ్డాక ఆగస్టులో స్నానాలగది వైపు అంచు పైకి లేచింది. మరుసటి మే నెలకి నడిమధ్య నుంచి పగుళ్లు. రూపాయి బిళ్ల నిలబెట్టి వేస్తే లోపలికి పోయింది. మా అమ్మాయి కాలు ఒకసారి ఆ పగులులో పడి మడమ వాచాక నెట్టు విప్పేశాం. ఆ డబ్బు ఎలా కూడబెట్టానో గుర్తొచ్చి వారం రోజులు ఆ వైపు కిటికీ తెరవలేదు.

అప్పుడు మొదలుపెట్టాను చదవడం. ఈ ఆట ఊరూరా ఆడేవారు కదా, పల్లెటూరి బళ్లలో సిమెంటు ఎక్కడిది, వాళ్లు ఏ నేల మీద ఆడారు అన్నదే నా ప్రశ్న.

ఆట పుట్టింది తంజావూరులో. 1856 ప్రాంతంలో అక్కడి రాజకుటుంబం ఆడేదని చెబుతారు. బి.ఏ. తెలుగు చదివిన నాబోటివాళ్లకి తంజావూరంటే పుట్టిల్లు లాంటిది. రఘునాథ నాయకుడు, విజయరాఘవుడు, యక్షగానాలు, రంగాజమ్మ, ఆ తర్వాత మరాఠా రాజు ప్రతాపసింహుడి కాలంలో ముద్దుపళని. తెలుగు ఆడవాళ్లు కవిత్వం రాసి సభలో మెప్పించిన ఊరు. పరీక్షల కోసం ఆ పేర్లన్నీ బట్టీ పట్టాను గానీ, ఆ ఊరే మా కాలేజీ గ్రౌండులో మేం కొట్టిన బంతికి కూడా పుట్టిల్లని ఒక్క మాస్టారూ చెప్పలేదు.

అయితే ఆ సంవత్సరం చూడండి, 1856. అంతకుముందు ఏడాది, 1855లో, తంజావూరు ఆఖరి రాజు రెండో శివాజీ మగసంతానం లేకుండా చనిపోయాడు. వారసుడు లేడన్న వంకతో ఈస్టిండియా కంపెనీ రాజ్యాన్ని కలిపేసుకుంది. రాజ్యంతో ఆగలేదు, కోటలోని సొంత ఆస్తిపాస్తుల మీద కూడా చెయ్యి వేసింది. పెద్ద రాణి కామాక్షీబాయి ఊరుకోలేదు. భర్త సొంత ఆస్తి భార్యలది, కంపెనీది ఎలా అవుతుందని మద్రాసు సుప్రీంకోర్టులో దావా వేసింది. గెలిచింది కూడా. కంపెనీ ప్రభుత్వం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కి వెళ్లింది. 1859లో అక్కడ తీర్పు తిరగబడింది. ఇది రాజ్యాధికారంతో చేసిన పని, ఇందులో న్యాయస్థానం వేలు పెట్టలేదు అన్నారు. న్యాయశాస్త్రం చదివే పిల్లలు ఇప్పటికీ ఈ కేసు చదువుతారట.

అంటే ఉన్ని బంతి ఆట పుట్టిందని చెప్పే రోజుల్లో ఆ కోటలో రాజు లేడు, రాజ్యం లేదు, రాణులు కోర్టుకెక్కి ఉన్నారు. మా అత్తయ్యగారికి ఈ కథ చెప్తే, "చూశావా, కోర్టంటే కేసేనని నేనన్నానా లేదా" అన్నారు.

అదే రోజుల్లో మన దేశంలో ఉన్న ఇంగ్లీషు దొరలు ఈకల బంతితో ఆడేవారు. పూనా కంటోన్మెంటులో ఆ ఆట బాగా సాగింది, 1870ల్లో దానికి నియమాలు రాసుకున్నారు. కానీ గాలి వీచే రోజున, తడి రోజున ఈక బంతి పనికిరాదు, అప్పుడు వాళ్లు కూడా ఉన్ని బంతే వాడేవారు. సముద్రపు ఒడ్డున కాపురం ఉండేవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. విశాఖపట్నంలో మధ్యాహ్నం మూడు దాటాక డాబా మీద షటిల్ ఆడి చూడండి. మనం కొట్టింది పక్కింటి వాటర్ ట్యాంకు మీద ఉంటుంది. ఈక బంతి క్రమంగా నాలుగ్గోడల మధ్యకి, చెక్క నేల మీదకి, లైట్ల కిందకి వెళ్లిపోయింది. ఉన్ని బంతి ఆరుబయటే ఉండిపోయింది.

ఆరుబయట ఉండిపోవడమే దాన్ని మన ఊళ్లకి తెచ్చింది. ఇంకో కారణం కూడా ఉంది, ఇది నాకు పాతికేళ్ల తర్వాత తట్టింది. ఈ ఆటలో బంతి నేల మీద పడి లేవదు. పడితే పాయింటు అయిపోయినట్టే. టెన్నిస్‌లో బంతి నేల తగిలి లేవాలి, కాబట్టి నేల అద్దంలా ఉండాలి, ఎక్కడ తగిలినా ఒకేలా లేవాలి. ఉన్ని బంతికి నేలతో పనే లేదు. నేల కావలసింది ఆడేవాళ్ల పాదాలకి మాత్రమే. కాలు జారకూడదు, గుంటలో పడకూడదు, అంతే. అందుకని ఎర్రనేల, నల్లనేల, ఇసుకనేల అని లేకుండా జిల్లా పరిషత్ హైస్కూలు ఉన్న ప్రతి ఊళ్లోనూ రెండు గుంజలు పాతి సున్నం గీతలు గీసి ఆడేశారు. 1954లో ఈ ఆటకి దేశవ్యాప్త ఫెడరేషన్ ఏర్పడింది. 1970లో వరంగల్ ఆటగాడు జమ్మలమడక పిచ్చయ్యగారికి అర్జున అవార్డు వచ్చింది. తెలుగువాళ్లు ఈ ఆటలో ఎంత గట్టివాళ్లో చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు. అయినా ఆయన పేరు మన పిల్లల పుస్తకాల్లో ఎక్కడా కనపడదు, అది వేరే బాధ.

ఇక నేల సంగతి. మా మేనల్లుడు సివిల్ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. పగిలిన కాంక్రీటు చూసి, "అత్తా, రెండు గాజు సీసాలు ఇవ్వు, కొంచెం కిరసనాయిలు కావాలి" అన్నాడు. కిరసనాయిలు దొరికేసరికి రెండ్రోజులు పట్టింది. పెరటి మట్టిని ఎండబెట్టి, దంచి, మైదా జల్లించే సన్న జల్లెడలో జల్లించాడు. రెండు సీసాల్లో సమానంగా పోశాడు. ఒకదాన్లో నీళ్లు, ఇంకోదాన్లో కిరసనాయిలు. మర్నాటికి కిరసనాయిలు సీసాలో మట్టి వేసినంతే ఉంది. నీళ్ల సీసాలో మట్టి దాదాపు ఒకటిన్నర రెట్లు పొంగింది, నానబోసిన మినప్పప్పులాగ. కిరసనాయిలుకి బంకమట్టి ఉబ్బదట, నీళ్లకే ఉబ్బుతుంది. రెండింటి తేడా చూస్తే మట్టి గుణం తెలుస్తుంది. లేబొరేటరీలో కొలత గొట్టాలతో చేసే పరీక్ష కూడా ఇదేనట. ఇల్లు కట్టుకోబోయేవాళ్లు ఎవరైనా చేసుకోవచ్చు. లక్షా పదివేలు పోయాక తెలిసింది నాకు.

బంకమట్టి రేణువులు పొరలు పొరలుగా ఉంటాయి. నీళ్లు ఆ పొరల మధ్యకి దూరి వాటిని విడదీస్తాయి, మట్టి ఉబ్బుతుంది. ఎండలకి నీళ్లు పోతే కుంచించుకుపోయి బీటలు వారుతుంది. దాని మీద కాంక్రీటు పలక పరిస్తే మధ్యలో తడి ఎటూ పోదు, అంచుల్లో మాత్రం వానకి ఉబ్బి ఎండకి కుంగుతూ ఉంటుంది. మధ్య ఒకలా, అంచు ఒకలా కదిలితే పలక విరగక ఏం చేస్తుంది? మాకు దానికి తోడు స్నానాలగది నీళ్లు ఒక పక్కన ఏడాది పొడవునా ఇంకుతున్నాయి. ముందు లేచింది ఆ పక్కే కదా.

విశాఖపట్నం అనగానే అందరికీ ఎర్రమట్టి గుర్తొస్తుంది, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసి. కానీ ఈ ఊరి బతుకంతా బంకమట్టితో పడింది. యారాడ కొండ వెనక ఇప్పుడు లోపలి హార్బరు ఉన్నచోట ఒకప్పుడు ఉప్పుటేరు, బురద, చిత్తడి. బెంగాల్ నాగపూర్ రైల్వే ఆధ్వర్యంలో ఆ బురదని తవ్వి ఓడలకి దారి చేశారు. ఇసుక మేట వేయకుండా రెండు పాత ఓడల్ని కావాలని ముంచి అడ్డుగోడ కట్టారు. తవ్విన మన్ను పల్లపు నేలల్లో పోసి మెరక చేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది, డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. ఆ పోర్టు కింద ఉన్నది మెత్తటి సముద్రపు బంకమన్ను. బరువు పెడితే నెమ్మదిగా దిగబడుతుంది.

ఉక్కు ఫ్యాక్టరీ వైపు కథ ఇంకోటి. 1966 ఉద్యమం, కాల్పుల్లో పోయిన ప్రాణాలు, 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన, ఇవన్నీ అందరికీ తెలిసినవే. ఫ్యాక్టరీ వచ్చాక చుట్టుపక్కల పల్లెల్లో వరి మళ్లు లేఅవుట్లయ్యాయి. మేం ఉండేది కూర్మన్నపాలెం దాటాక అలాంటి ఒక మడిలోనే. నీళ్లు నిలవ ఉంటాయని రైతు ఏ మట్టిని మెచ్చుకున్నాడో, ఆ మట్టి మీదే మేం ఇళ్లు కట్టుకుని, ఇదేం మట్టి బాబూ అని తిట్టుకుంటున్నాం. స్థలం అమ్మినప్పుడు గజం ఎంతో చెప్పారు గానీ, అందులో ఏ పంట పండేదో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఈ మట్టితో వేగడం ఎలాగో మన దేశంలో పెద్దవాళ్లే తలబద్దలు కొట్టుకున్నారు. కర్ణాటకలో మలప్రభ కాలువలు నల్లరేగడిలో తవ్వితే గట్ల లైనింగ్ పగిలి పోతుండేది. బొంబాయి ఐఐటీ ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి, ఉబ్బే మట్టికీ లైనింగ్‌కీ మధ్య ఉబ్బని మట్టిని, అంటే మొరం లాంటిదాన్ని, సుమారు మీటరు మందాన వేసి దిమ్మిస కొడితే కింది మట్టి ఉబ్బు పైకి రాకుండా అణుగుతుందని చూపించారు. ఇప్పుడది ప్రామాణిక పద్ధతి. మా మేనల్లుడు ఇది చెప్తుంటే పక్కనే బియ్యం ఏరుతున్న మా అమ్మ, "అదే కదరా మేం చేసింది, గ్రావెలు పోసి రోలరు లాగడం" అంది.

అమ్మ విజయనగరం దగ్గర పల్లెటూళ్లో చదువుకుంది. 1974లో తొమ్మిదో తరగతి. లంగా ఓణీ మీద, ఓణీ నడుం చుట్టూ బిగించి, బాల్ బ్యాడ్మింటన్ ఆడేది. ఈ సంగతి నాకు పెళ్లయ్యేదాకా తెలియదు. పెళ్లిచూపుల్లో పాట పాడమన్నారట, పాడింది. బ్యాటు సంగతి ఎత్తొద్దని తాతయ్య ముందే చెప్పారట, పిల్ల గెంతుతుందనుకుంటారని. తర్వాత నాన్నకి కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదే అంటే, "ఎవరడిగారు?" అంటుంది. నేను కాలేజీలో ఆడేటప్పుడు నా బ్యాటుకి గట్టు తెగితే తనే ముడివేసి ఇచ్చేది. అప్పుడైనా నాకు అనుమానం రాలేదు.

వాళ్ల బడిలో మగపిల్లల కోర్టు వేరు, ఆడపిల్లల కోర్టు వేరు. మగపిల్లల కోర్టుని బంట్రోతు తయారుచేసేవాడు. ఆడపిల్లలది ఆడపిల్లలే చేసుకోవాలి. వాళ్లది కూడా బంకనేలే, చెరువు పక్కన. వేసవి సెలవులయ్యాక నేలంతా బీటలు వారి ఉండేది. బండి గ్రావెలు ఊళ్లో ఎవరో రైతు తోలించేవాడు. బీటల్లో ఇసుక కూరి, పైన గ్రావెలు పరిచి, నూతి నుంచి బిందెలతో నీళ్లు తెచ్చి చల్లి, రాతి రోలరుకి తాడు కట్టి నలుగురు లాగేవాళ్లు. శనివారం మధ్యాహ్నం పేడనీళ్లతో అలికేవాళ్లు. అలకడం ఆడపిల్లలకి ఎవరు నేర్పాలి? డ్రిల్లు మాస్టారికి తెలిసిందల్లా గీతల కొలతలు. నేల ఎలా చెయ్యాలో ఈ పిల్లలే ఆయనకి చెప్పేవారట. "మగపిల్లల కోర్టు దుమ్ము లేచేది, మాది లేచేది కాదు. జిల్లా పోటీలకి మా కోర్టే అడిగారు" అని చెప్తున్నప్పుడు అమ్మ మొహం చూడాలి.

పేడ అనగానే ముక్కు చిట్లించుకోకండి. హైదరాబాద్‌లో చిన్నప్పుడు పేడతో అలికిన కోర్టుల మీద ఆడానని సానియా మీర్జాయే చెప్పారు. ఆ అమ్మాయి 2005లో అదే హైదరాబాద్‌లో డబ్ల్యుటిఎ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలైంది. 2015లో డబుల్స్‌లో ప్రపంచంలోనే మొదటి ర్యాంకు. మన దేశంలో టెన్నిస్ కోర్టుల్ని పేడతో అలకడం ఒకప్పుడు మామూలే. పేడలో ఉండే పీచు మట్టి రేణువుల్ని పట్టి ఉంచుతుంది, దుమ్ము లేవదు, పై పొర బీట వారదు. మన ఇళ్ల అరుగులకి చేసిన పనే అది.

టెన్నిస్ వాళ్లు క్లే కోర్టు అని పిలిచేదాన్లో కూడా బంకమట్టి లేదని తెలిసి ఆశ్చర్యపోయాను. 1880లో ఫ్రాన్స్‌లోని కాన్ పట్నంలో ఎండకి గడ్డి మాడిపోతుంటే, రెన్షా సోదరులు మట్టికుండల పెంకుల పొడి పైన చల్లించారని చెబుతారు. పారిస్‌లో 1928లో కట్టిన రోలా గారో స్టేడియంలో మనం టీవీలో చూసే ఆ ఎర్రటి పొర ఇటుకపొడి, మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే. దాని కింద తెల్ల సున్నపురాయి పొడి, దాని కింద బొగ్గు కిట్టం, ఆ కింద కంకర, అడుగున రాళ్లు. నీళ్లు నిలవకుండా దిగిపోవడానికి అన్ని పొరలు. ఫ్రెంచివాళ్లు ఆ నేలని పిలిచే మాటకి అర్థం దిమ్మిస కొట్టిన నేల అని. మన మాటే.

సరే, మా పెరడు. పగిలిన కాంక్రీటు కొట్టించాం. ముక్కలు పారేయకుండా ఒక పక్కన పోయించాను, ఎందుకంటే అవి నా చీటీ డబ్బులు. అడుగున్నర లోతు బంకమట్టి తీయించాం. స్నానాలగది గొట్టాన్ని వీధి కాలువలోకి మళ్లించాం, ఇది ముందే చెయ్యాల్సిన పని. రెండు పొడుగు అంచుల వెంట సన్న కాలువలు తవ్వి, అడుగున ఆ కాంక్రీటు ముక్కలే వేశాం. గుంటలో గ్రావెలు ఒకేసారి నింపేస్తామన్నారు కూలీలు. అమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని ఒప్పుకోలేదు. అరడుగు పోసి, తడిపి, రోలరు, మళ్లీ అరడుగు. తడి ఎంత ఉండాలో చెప్పడానికి ఆవిడ కొలత ఒకటే. పిడికిట్లో పట్టి నొక్కితే సున్నుండలా ముద్ద కట్టాలి, వేళ్లకి అంటుకోకూడదు. అంటుకుంటే ఆ పూటకి రోలరు ఆపెయ్యాలి. కూలీల్లో ఒకావిడ ముందు విసుక్కుంది గానీ మూడోరోజుకి తనే ముద్ద చేసి అమ్మకి చూపించడం మొదలుపెట్టింది.

పై మూడంగుళాలకి ఎర్రమట్టి, జల్లించిన క్వారీ డస్టు కలిపి పరిచాం. మధ్యలో కొంచెం ఎత్తు, రెండు పక్కలకీ వాలు, పదడుగులకి అంగుళం చొప్పున. ఎర్రమట్టి దిబ్బల నుంచి తెచ్చారా అని మా తోటికోడలు అడిగింది. అది జాతీయ భూవారసత్వ స్థలం తల్లీ, అక్కడ చెయ్యి వేయకూడదు. అనకాపల్లి వైపు నుంచి వచ్చింది ఈ మట్టి. మొత్తం ఖర్చు కాంక్రీటు కంటే తక్కువే అయింది. ఎంత తక్కువో చెప్పనులెండి, మావారు కూడా ఇది చదువుతారు.

అలకడం దగ్గర ఇంట్లో చిన్న యుద్ధం. పిల్లలు పడితే దెబ్బలకి పేడ తగులుతుంది, ధనుర్వాతం భయం, వద్దన్నారు మావారు. అది నిజమైన భయమే. ముగ్గురు పిల్లల తల్లుల్నీ పిలిచి టి.టి. ఇంజెక్షన్లు వేయించారా అని అడిగి, బూట్లు లేకుండా దిగకూడదని షరతు పెట్టాక అలికాం. పల్చగా, శనివారం సాయంత్రం, ఆదివారమంతా ఆరనిచ్చి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, వంగలేదు. ఆవిడ చెప్తుంటే నేనూ పిల్లలూ చేశాం. మా చిన్నది మొదట ఛీ అంది, తర్వాత ఇన్‌స్టాలో పెట్టుకుంది.

ఈ నేల మీద ఒక వానాకాలం గడిచింది. అంచుల్లో సన్న బీటలు వచ్చాయి. వస్తాయి, అడుగున్నర తీస్తే కింద బంకమట్టి పోయిందనుకుంటామా? కానీ ఇది మట్టి, బీటలో ఇసుక కూరి, తడిపి, రోలరు తిప్పితే మళ్లీ కలిసిపోతుంది. కాంక్రీటుకి ఆ అవకాశం లేకపోయింది. వారానికి రెండు గంటలు పని ఉంటుంది దీనికి. ఆ రెండు గంటలూ ఎవరు చేస్తారన్నది ముందే తేల్చుకోండి, లేదంటే అది కూడా మన నెత్తినే పడుతుంది. మా ఇంట్లో రోలరు మావారి వంతు. కడుపు తగ్గిందని ఆయనకీ సంతోషమే. మానేసిన పిల్లలిద్దరూ మళ్లీ ఆడుతున్నారు, అందులో ఒకమ్మాయి ఈసారి జట్టులోకి వచ్చింది.

మొన్న మా మరిది వచ్చి కాసేపు ఆట చూసి, టీ తాగి, ఈ దసరాకి తన వాటాలో ఇల్లు మొదలుపెడదామనుకుంటున్నానని చెప్పాడు. మంచిదే కదా, పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు. అంటే ఈ కోర్టుకి ఇంక నాలుగైదు నెలలు. మా అత్తయ్యగారు నా మొహం కేసి చూశారు, నేనేమంటానోనని. నేను లోపలికెళ్లి ఆ రెండు గాజు సీసాలు తెచ్చి అతని చేతిలో పెట్టాను. కిరసనాయిలు ఎక్కడ దొరుకుతుందో మావారు చెప్తారు అన్నాను.